సున్న : శూన్యమా, పూర్ణమా? – శాసన, శాస్త్ర ప్రమాణాలతో ఒక పరిశీలన

తెలుగు బాలుడు సున్నను రెండు మారులు నేర్చుకొంటాడు. అక్షరమాలలో 'అం' దగ్గర ఒక మారు, అంకెలలో 'పది' దగ్గర మరొక మారు. పలకపైన రెండింటి ఆకారమూ ఒకటే, పేరూ ఒకటే. అక్షరాల పక్కన నిలిచే సున్నను వ్యాకర్తలు పూర్ణానుస్వార మన్నారు. వాడుకలో అది 'నిండుసున్న'. అంకెల పక్కన నిలిచే సున్న మాత్రం శూన్యం, అనగా ఖాళీ. నిండుదనమూ, ఖాళీతనమూ ఒకే గుండ్రని గీతలో ఇమిడి ఉండటం పైకి చమత్కారంగా తోస్తుంది. కాని సంస్కృత గణిత గ్రంథాలలో సైతం సున్నకు 'శూన్యం' అనే పేరుతోపాటు 'పూర్ణం' అనే పేరూ ఉన్నది. కాబట్టి ఇది విచారింపదగిన విషయం.

సున్నను కనుగొన్నది భారతీయులేనన్న మాట సభలలోనూ పాఠ్యపుస్తకాలలోనూ తరచుగా వినిపిస్తుంది. కొందరు ఆ ఘనతను ఆర్యభటు నొక్కనికే కట్టబెడతారు. ఏ సున్న, ఎక్కడ, ఏ ప్రమాణంతో అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినవస్తాయి. సున్నకు మూడు దశలున్నవి. సంఖ్యలో ఖాళీ అయిన స్థానాన్ని చూపే గుర్తుగా ఉండటం మొదటిది. కూడికకు, తీసివేతకు, గుణకారానికి లొంగే సంఖ్య కావటం రెండవది. భాగహారంలో గణితానికే ఒక హద్దును చూపటం మూడవది. ఈ మూడింటిని వేరుచేయకుండా చేసే వాదం స్తుతి కాగలదేగాని శాస్త్రం కాజాలదు. ఈ వివేచనకు కావలసిన ఆధారాలు కొన్ని కంచి, తిరుపతి, వేంగి ప్రాంతాలలోనే లభించటం గమనార్హం.

పద వ్యుత్పత్తి

సంస్కృత 'శూన్య' శబ్దం ప్రాకృతంలో 'సుణ్ణ' అయి, తెలుగులో 'సున్న'గా నిలిచినది. శూన్య శబ్దానికి మూలమైన 'శూన' శబ్దానికి ఉబ్బినది అని అర్థం. ఉబ్బిన వస్తువు వెలుపలికి నిండుగాను, లోపల బోలుగాను ఉంటుంది. కావున నిండు, ఖాళీ అనే రెండు భావాలకూ ఆ పదంలోనే చోటున్నది. తెలుగులో సున్నకు 'హళ్ళి' అనే మరొక పేరు కూడా కలదు. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అన్న నానుడి లెక్కల పలుకుబడినుండి పుట్టి, ఫలితమేమీ మిగలని పనులన్నింటికీ వ్యాపించినది.

పదసంఖ్యలలో ఆకాశం

ప్రాచీన భారతదేశంలో సంఖ్యలను అంకెలతోనేగాక పదాలతోనూ చెప్పే పద్ధతి ఉండేది. దీనికి భూతసంఖ్యాపద్ధతి అని పేరు. చంద్రుడన్నచో ఒకటి, నేత్రమన్నచో రెండు, వేదమన్నచో నాలుగు, రసమన్నచో ఆరు, గిరి అన్నచో ఏడు, వసువన్నచో ఎనిమిది. సున్నకు ఖ, గగన, అంబర, వ్యోమ, శూన్య, పూర్ణ, బిందు శబ్దాలు వాడుకలో ఉండేవి. ఈ పదాలలో మొదట చెప్పినది ఒకట్ల స్థానానికి, తరువాతిది పదుల స్థానానికి చెందుతుంది. అంటే పదాలు ముందుకు నడుస్తూంటే అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి.

వేంగీ చాళుక్యుడైన రెండవ అమ్మరాజు పట్టాభిషేక సంవత్సరాన్ని శాసనాలు గిరి, రస, వసు శబ్దాలతో తెలుపుతాయి. వరుసగా ఏడు, ఆరు, ఎనిమిది. తిరగవేస్తే శకవర్షం 867, అనగా క్రీ.శ. 945. ఇందులో సున్న లేదు. కులోత్తుంగచోళుని కుమారుడు వీరచోడుడు వేంగిలో అభిషిక్తుడైన కాలాన్ని చెప్పే చెల్లూరు తామ్రశాసనంలో మాత్రం సున్న ఉన్నది. అక్కడి శకవర్షం ఒక చంద్రుడు, రెండు ఆకాశాలు, మరల ఒక చంద్రుడు, అనగా 1001. రెండు చంద్రుల నడుమనున్న రెండు ఆకాశాలను వదలివేస్తే అది వేయిన్నొకటి కాదు, పదకొండవుతుంది. శాసనకవి అక్కడ ఆకాశాన్ని వర్ణనకోసం తేలేదు. రెండు ఖాళీ స్థానాలను పలకవలసి ఉన్నందున తెచ్చినాడు. స్థానవిలువ ననుసరించి సంఖ్యను పలికేవారికి సున్నను కూడా పలకక తప్పదు. ఛందస్సులో ఇమిడే పర్యాయపదాలు పలు ఉండటంవలన పద్యంలో సంఖ్యలను నిలుపుట కవులకు సులభమైనది.

ఈ పద్ధతికి అంతకంటె ప్రాచీనమైన సాక్ష్యం కంచికి సంబంధించినది. జైనుల విశ్వవర్ణన గ్రంథమైన 'లోకవిభాగం' మొదట ప్రాకృతంలో సర్వనంది రచించినదని, కంచి ప్రభువగు సింహవర్మ 22వ రాజ్యసంవత్సరంలో, శకవర్షం 380లో అది ముగిసినదని సింహసూరి చేసిన సంస్కృత రూపాంతరం తెలుపుతున్నది. అది క్రీ.శ. 458కి సమానం. పల్లవరాజుల కాలనిర్ణయానికి చరిత్రకారులు ఆధారంగా గ్రహించిన తేదీలలో ఇది ముఖ్యమైనది. ఈ గ్రంథంలో 13107200000 అనే సంఖ్య పదరూపంలో వస్తుంది. మొదట అయిదు శూన్యాలు, ఆపై రెండు, ఏడు, ఆకాశం, ఒకటి, మూడు, ఒకటి. చివరి అయిదు సున్నలనూ, నడుమ నున్న ఒంటరి సున్ననూ విడివిడిగా పేర్కొనటం ఇక్కడ విశేషం. సర్వనంది మూలం నేడు లభించదు కాబట్టి, ఈ పదరచన మూలంలోనే ఉన్నదా, రూపాంతరంలో చేరినదా అన్న శంకకు తావున్నది. ఆ జాగ్రత్తతోనే ఈ ఆధారాన్ని స్వీకరించవలెను. అయినను, తిరుపతికి దాదాపు 110 కిలోమీటర్ల దూరంలో ఉండి, ఈ సీమనంతా తొండమండలంగా పాలించిన పల్లవుల రాజధానితో స్థానవిలువ చరిత్ర ముడివడి ఉండటం విస్మరింపరానిది.

ఆర్యభటుని విషయంలోనూ ఈ వివేచన అవసరం. క్రీ.శ. 499 నాటి లెక్కను పేర్కొనే ఆర్యభటీయంలో వర్గమూల, ఘనమూల విధానాలు స్థానవిలువను ఆధారం చేసుకొన్నవే. కాని ఆయన సంఖ్యలను అక్షరాలతో చెప్పే వేరొక పద్ధతిని కల్పించుకొన్నాడు; సున్నతో చేసే పరికర్మలకు సూత్రాలు చెప్పలేదు. ఆయనకు చెందవలసిన ఘనత ఎంతో ఉన్నది. చెందనిదానిని చేర్చవలసిన పనిలేదు.

లిపిలో సున్న

పదాలలోని సున్న చెవికి వినబడుతుంది. లిపిలోని సున్న కంటికి కనబడుతుంది. కంబుజదేశంలో మెకాంగ్ నదీతీరాన సంబోర్ వద్ద దొరికిన ఖ్మేరు భాషాశాసనంలో శకవర్షం 605, అనగా క్రీ.శ. 683, అంకెలలో చెక్కబడి ఉన్నది. ఆరుకు, అయిదుకు నడుమ ఒక చుక్క. తేదీతో కూడి, లిపిలో కనిపించే సున్నలలో మిక్కిలి ప్రాచీనమైనవాటిలో ఇది ఒకటి. ఖ్మేరు లిపి పల్లవలిపినుండి పుట్టినది. శకవర్షగణన భారతదేశంనుండి వెళ్ళినది. ఈ రెండింటితోపాటు సున్న కూడా దక్షిణభారత తీరంనుండే ఓడ ఎక్కినదని ఈ శాసనం ఒక్కటే నిరూపించదు. కాని ఆ దిక్కునే సూచిస్తున్నది.

మనదేశంలో గ్వాలియరు కోటలోని చతుర్భుజాలయ శాసనం విక్రమశకం 933, అనగా క్రీ.శ. 876 నాటిది. దేవుని పూలతోటకు ఇచ్చిన భూమి కొలతగా 270 హస్తాలు, దినదినం సమర్పించవలసిన మాలలుగా 50 అన్న సంఖ్యలు అందులో చిన్న గుండ్రని సున్నతో ఉన్నవి. 1881లో పెషావరు ప్రాంతంలో దొరికి, ఆక్స్‌ఫర్డులో భద్రపరచబడిన బక్షాలీ భూర్జపత్ర గ్రంథంలో సున్న చుక్కగా కనిపిస్తుంది. 2017లో ఆ పత్రాలలో మూడింటిని కర్బన పరీక్షకు గురిచేయగా మూడు వేరువేరు కాలాలు వచ్చినవి. అందువలన గ్రంథరచనాకాలం ఇంకను వివాదాస్పదమే.

తిరుమల గోడలపై రెండు లెక్కలు

సున్న ఒక చోట పుట్టినంతనే అన్ని చోట్లా వాడుకలోకి రాలేదు. ఈ సత్యానికి తిరుమల ఆలయ శాసనాలున్న ప్రాకారాలకు మించిన ఉదాహరణ అవసరం లేదు. దేవస్థానం 1930 దశకంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలగువారి కృషితో సంపుటాలుగా వెలువరించిన ఆ శాసనాలలో అత్యధికం తమిళానికి చెందినవి. తెలుగు, కన్నడ శాసనాలు సంఖ్యలో తక్కువ. శ్రీకృష్ణదేవరాయలు 1513లో స్వామిని తొలిసారి సేవించినప్పటి దానాలు మూడు భాషలలోనూ చెక్కబడినవి. తమిళ లిపి సంప్రదాయంలో పదికి, నూటికి, వేయికి ప్రత్యేక చిహ్నాలుండేవి. సున్న ఉండేది కాదు. తెలుగు, కన్నడ లిపులలో తొమ్మిది అంకెలూ, సున్నా ఉండేవి.

ఈ రెండు పద్ధతుల భేదాన్ని ఆ కాలపు సంఖ్యలతోనే చూడవచ్చును. 1513 నాటి దానాల శకవర్షం 1434. తెలుగు అంకెలలో దానికి నాలుగు గుర్తులు చాలును. పాత తమిళ పద్ధతిలో వేయి, నాలుగు, నూరు, మూడు, పది, నాలుగు అని ఆరు గుర్తులు కావలెను. 1514లో ఉదయగిరి విజయానంతరం రాయలు 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకం చేసినాడు. ఈ సంఖ్యకు తెలుగులో మూడు, దానిపక్క నాలుగు సున్నలు కలిపి అయిదు గుర్తులు. పాత తమిళ పద్ధతిలో మూడు, పది, వేయి అని మూడే గుర్తులు.

దీనినిబట్టి సున్నవలన సంఖ్య ఎల్లప్పుడూ పొట్టిదవుతుందన్న అభిప్రాయం సరికాదని తేలుతున్నది. తమిళ పద్ధతిలో స్థానం పేరునే వ్రాస్తారు కనుక ఖాళీ స్థానాన్ని చూపవలసిన అవసరమే రాదు. చదవటానికీ, శిలపై చెక్కటానికీ, ఆలయాల ఆదాయవ్యయాల నమోదుకూ ఆ పద్ధతి శతాబ్దాలపాటు చక్కగా ఉపకరించినది. వేల ఎకరాల మాన్యాలను, నిత్య కైంకర్యాలను ఆ లెక్కలతోనే నడిపినవారిని గణితం తెలియనివారనటం అవివేకం.

మరి సున్నవలని ప్రయోజనం ఎక్కడ? వ్రాతలో కాదు, గణనలో. సంఖ్యలను ఒకదానిక్రింద ఒకటి పేర్చి, ఒకట్లకు ఒకట్లు, పదులకు పదులు కలిపేటప్పుడు ప్రతి స్థానానికి ఒక గడి ఉండవలెను. ఖాళీ గడిని కూడా ఒక గుర్తు కాపాడవలెను. సున్న ఆ కావలిపని చేస్తుంది. దానికి విలువ లేదు. కాని అది కదలితే పక్కవాటి విలువలన్నీ చెడిపోతాయి. 1008లోని రెండు సున్నలను తుడిచివేస్తే పద్దెనిమిది మిగులుతుంది.

ఐరోపాలోనూ ఇట్టి సందిగ్ధతే కలిగినది. సంస్కృత 'శూన్య' అరబ్బీలో అదే అర్థంగల 'సిఫ్ర్' అయినది. దానిని పీసా నగరవాసి లియొనార్డో 1202లో తన గణితగ్రంథంలో 'జెఫిరం' అని లాటినులో వ్రాసినాడు. నేటి 'జీరో' శబ్దం దానినుండి వచ్చినదే. అయినను 1299లో ఫ్లోరెన్సు నగర ద్రవ్యవర్తకుల సంఘం తన ఖాతాలలో ఈ కొత్త అంకెలను నిషేధించినది. తమిళ అంకెలలో కూడా సున్న 19వ శతాబ్దిలో పాఠశాలా గణితంతో చేరినది. యూనికోడ్ లిపిసంకేతాలలో తమిళ సున్నకు 2005లో స్థానం లభించినది.

సంఖ్యగా సున్న

ఖాళీ గడిని చూపే గుర్తు బాబిలోనియావారికి, మయులకు కూడా తెలియును. భారతీయ గణితపు ప్రత్యేకత సున్నను సంఖ్యగా అంగీకరించి, దానితో పరికర్మలు విధించటం. క్రీ.శ. 628లో భిల్లమాలలో బ్రహ్మగుప్తుడు రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం ఇందుకు ఆధారం. ధనం ఆస్తివంటిది, ఋణం అప్పువంటిది. సమానమైన రెండూ కలిస్తే సున్న. సున్ననుండి అప్పును తీసివేస్తే ఆస్తి; ఆస్తిని తీసివేస్తే అప్పు. సున్నతో దేనిని గుణించినా సున్న. ఇక్కడ సున్న ఖాళీ కాదు. ధనఋణాల నడుమ నిలిచిన తుల్యస్థితి. పూర్ణమన్న పేరు ఈ భావానికి తగినదే.

చిక్కు భాగహారంలో వచ్చినది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహాన్ని సంస్కృతంలో రచించినాడు. తెలుగువారికి ఈ గ్రంథం పరాయిది కాదు. పావులూరి మల్లన దీనిని తెలుగు పద్యాలలోకి తెచ్చి, జైనపరమైన అంశాలను శైవపరంగా మార్చి, తెలుగు శాస్త్రవాఙ్మయానికి ఆద్యులలో ఒకడైనాడు. ఆయన కాలం 11వ శతాబ్ది అని ప్రసిద్ధి. ఆ పేరుగల వారిద్దరున్నారన్న చర్చ పండితులలో కలదు. మహావీరుని సంస్కృతమూలాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదంతో ప్రకటించినారు.

ఆ గ్రంథంలోని గుణకారాలలో ఫలితం హారంవలె రెండువైపులా ఒకే విధంగా ఉండే సంఖ్యలున్నవి. 142857143ను 7తో గుణిస్తే 1000000001. రెండు కొనలలో రెండు మణులు, నడుమ దారమంతా సున్నలు. ఇంతటి ఇష్టంతో సున్నను చూచిన మహావీరుడు, ఏ సంఖ్యనైనా సున్నతో భాగిస్తే ఆ సంఖ్యలో మార్పు ఉండదని సూత్రీకరించినాడు. ఈ మాట పైకి సహజంగానే తోస్తుంది. చిత్తూరు సీమలో ఒక తోటలో పన్నెండు గంపల మామిడికాయలు కోసినారనుకొందురు గాక. ముగ్గురు పంచుకొంటే మనిషికి నాలుగు గంపలు. పంచుకొనేవాడే లేకపోతే పన్నెండు గంపలూ అక్కడనే ఉండిపోతాయి. పంపకం జరగలేదు కాబట్టి మార్పు లేదు.

కాని భాగహారాన్ని గుణకారంతో సరిచూడవలెను కదా. నాలుగును మూడుతో గుణిస్తే పన్నెండు వస్తుంది, లెక్క సరిపోయినది. పన్నెండును సున్నతో గుణిస్తే, మహావీరుని మరొక సూత్రం ప్రకారమే, సున్న వస్తుంది, పన్నెండు రాదు. 'పంపకం జరగలేదు' అన్న వాక్యాన్ని 'పంపకానికి ఫలితం పన్నెండు' అన్న వాక్యంగా గ్రహించటమే ఇక్కడి పొరపాటు. అంతకు రెండు శతాబ్దాల ముందే బ్రహ్మగుప్తుడు ఇట్టి రాశిని విలువ కట్టక, క్రింద సున్న ఛేదంగా గల భిన్నంగానే ఉంచినాడు. అయితే సున్నను సున్నతో భాగిస్తే సున్న అని ఆయన కూడా అన్నాడు. అది నిలువదు, ఏ సంఖ్యను సున్నతో గుణించినా సున్నయే కనుక అక్కడ అన్ని సంఖ్యలూ సరిపోతాయి.

12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు సున్న ఛేదంగా గల రాశికి 'ఖహరం' అని పేరిడి, అది అనంతమన్నాడు. భూతజాలం లయమై చేరినా, సృష్టియందు వెలువడినా మార్పుచెందని విష్ణువుతో బీజగణితంలో దానిని పోల్చినాడు. ఈ పోలిక కేవలం భక్తి కాదు. దాని వెనుక ఒక గణితదృష్టిని గుర్తించవచ్చును. పన్నెండును ఒకటితో భాగిస్తే పన్నెండు, అరతో భాగిస్తే ఇరువదినాలుగు, కాలుతో భాగిస్తే నలుబదియెనిమిది, నూరవవంతుతో భాగిస్తే వేయిన్ని రెండువందలు. భాజకం సున్నను సమీపించేకొద్దీ లబ్ధం హద్దులేక పెరుగుతుంది. అయినను అనంతాన్ని సున్నతో గుణిస్తే పన్నెండే రావలెనా, పదమూడు రావలెనా అన్న ప్రశ్నకు సమాధానం లేదు. అందువలననే ఆధునిక గణితం సున్నతో భాగహారాన్ని నిర్వచింపక విడిచిపెట్టినది. ముగ్గురు ఆచార్యులు మూడు విధాలుగా చెప్పటం శాస్త్రానికి లోపం కాదు. తప్పిన సమాధానాలు కూడా ప్రశ్నను సజీవంగా నిలిపినవి.

వ్యాకరణంలోని సున్న

అభావానికి గుర్తు నిలుపుట గణితానికే పరిమితం కాదు. పాణినీయంలో కనబడకపోవటానికి 'లోప' మని సంజ్ఞ. ప్రత్యయం లోపించినను దానివలన కలుగవలసిన కార్యం కలుగుతుంది. లేనిది కూడా స్థానాన్ని ఆక్రమించి ఫలితమిస్తుందన్న ఈ భావం స్థానవిలువలోని సున్నకు ఎంతో సమీపం. పాణినీయంనుండే గణితసున్న పుట్టినదని చెప్పటానికి ఆధారం చాలదు. కాని అట్టి ఆలోచనకు ఈ దేశపు విద్యాసంప్రదాయంలో ముందే చోటున్నదని చెప్పవచ్చును. పింగళుని ఛందశ్శాస్త్రంలోనూ వృత్తసంఖ్యను గణించే సూత్రాలలో శూన్యశబ్దం గుర్తుగా వాడబడినది.

తెలుగులో దీనికి సాటి అరసున్న. సంఖ్యావాచకమైన 'ఏడు'లో అరసున్న లేదు; సంవత్సరార్థకమైన 'ఏఁడు'లో కలదు. సంవత్సరానికి తమిళంలో 'ఆండు' అనటంవలన తెలుగు పదంలోనూ ఒకప్పుడు అనునాసికం పలికెడిదని తెలుస్తుంది. ధ్వని పోయినది, అది ఉండిన చోటును అరసున్న కాపాడినది. వాడుకలో అరసున్నను విడిచిన తరువాత ఆ రెండు పదాలూ వ్రాతలో ఒకటైపోయినవి. ఖాళీని కాపాడే గుర్తు పోతే ఏమి నష్టమో తెలుగు పాఠకునికి ఇంతకంటె తేటగా తెలియజెప్పే దృష్టాంతం లేదు.

ఉపసంహారం

పై పరిశీలనవలన తేలే అంశాలు ఇవి. సున్న ఒక్కనాడు, ఒక్కనిచేత కనుగొనబడినది కాదు. పదాలలో ఆకాశంగా, లిపిలో చుక్కగా, గణితంలో ధనఋణాల తుల్యస్థితిగా, భాగహారంలో హద్దుగా క్రమంగా రూపొందినది. స్థానాన్ని చూపే సున్న శూన్యం. సంఖ్య అయిన సున్న పూర్ణం. ఈ రెండూ ఒకదానికొకటి విరోధులు కావు. ఖాళీ స్థానాన్ని ఖాళీగానే గుర్తించి నిలిపినప్పుడు సంఖ్య నిండుగా ఉంటుంది.

తిరుమలలో తమిళ శాసనాలూ తెలుగు శాసనాలూ నేటికీ పక్కపక్కనే ఉన్నవి. వాటిలోని దానాలను, రాజుల పేర్లను, తేదీలను పరిశోధకులు విస్తారంగా చర్చించినారు. అంకెల రూపాలను, వాటి వాడుకను వరుసగా సంకలనం చేసి పరిశీలించటం విద్యార్థులు చేపట్టదగిన పని. అట్లే పావులూరి గణితపు తాళపత్ర ప్రతులలో సున్నకు ఏయే పదాలు, ఏయే గుర్తులు వాడబడినవో పోల్చిచూడవలెను. పూర్వుల ఘనతను చాటే గొంతులు చాలా ఉన్నవి. ఆ ఘనతకు ప్రమాణమైన అక్షరం శిథిలం కాకముందే దానిని చదివే కన్నులు కావలెను.